వాగు ఒడ్డున రెండు రాత్రులు

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. రెండు రాత్రులు వాగు ఒడ్డున గుడారంలో ఉండి, పగలు పడవ నడుపుతామని రాశావు. సంతోషం. కానీ రోజుకు 20 కిలోమీటర్లన్న నీ లెక్క చూసి నవ్వొచ్చింది. ప్రశాంతత కోసం వెళుతూ ఆ పరుగెందుకు? నిలకడ నీటిలో తెడ్డు వేస్తే గంటకు నాలుగు కిలోమీటర్లు పోవచ్చు. ఆగి ఆగి చూసే మనిషికి రోజంతా కలిపి ఎనిమిది చాలు.

మొదట ఎగువకు వెళ్లండి. సత్తువ ఉన్నప్పుడు ఎదురు ఈదితే, అలిసిపోయాక వాగే వెనక్కి తెచ్చి దింపుతుంది. చాలామంది దీన్ని తిరగేసి సాయంత్రానికి ఏడుపుముఖం పెడతారు.

మెత్తగా ఉందని ఇసుక తిన్నె మీద మాత్రం గుడారం వేయవద్దు. నేను ఒకసారి వేశాను. ఆకాశంలో మబ్బు తునక లేదు. అర్ధరాత్రి వీపు కింద చల్లగా తగిలితే లేచాను. ఎగువన ఎక్కడో కురిసిన వాన! చెప్పులు అప్పటికే కొట్టుకుపోయాయి. చెట్టుకు కట్టాను కాబట్టి పడవ దక్కింది. అప్పటినుంచి ఒడ్డున పొదలు చూడనిదే మూట దింపను. కొమ్మల్లో ఎండుగడ్డి, చెత్త ఎంత ఎత్తున చిక్కుకుని ఉంటే, అంత ఎత్తుకు వరద వచ్చిందన్నమాట. అంతకంటే పైన, నీటికి 60 మీటర్ల ఎడంగా చోటు వెతకండి. తలెత్తి, మీద పడేలా ఎండుకొమ్మలు ఉన్నాయేమో కూడా చూసుకోండి. చీకటి పడ్డాక నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంట తర్వాత టార్చి వేసి చూడండి. పుల్ల మునుగుతున్నా, నీరు మట్టిరంగుకు తిరిగినా వెంటనే సర్దేయండి.

పడవలో నేను భయపడేది రాళ్లకు కాదు, వాగుకు అడ్డంగా పడిన చెట్లకు. నీరు కొమ్మల సందుల్లోంచి జారిపోతుంది, మనిషి అక్కడే ఇరుక్కుంటాడు. దూరం నుంచే ఒడ్డెక్కి పడవను మోసుకుని దాటండి. పడవ తిరగబడితే కాళ్లు దిగువకు పెట్టి వెల్లకిలా తేలండి. ఉరవడిలో నిలబడబోతే పాదం రాళ్ల మధ్య చిక్కుతుంది. లైఫ్ జాకెట్ ఒంటికి బిగించుకోవడానికే, కూర్చునే మెత్త కాదు.

తాగే నీళ్లు తెర్లాక మరో నిమిషం మరగనివ్వండి. పొడి బట్టలు నీరు చొరని సంచిలో పెట్టండి. ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిచ్చి వెళ్లండి, అక్కడ ఫోను పనిచేయకపోవచ్చు.

సాయంత్రం నీటి మీద గాలి చల్లబడితే మాట చాలా దూరం పోతుంది. పాటలు పెట్టే స్పీకరు ఇంట్లోనే ఉంచండి. తెడ్డు పడవ అంచుకు తగలకుండా వేయడం అలవాటు చేసుకో. ఆ టక్కుమనే చప్పుడుకే లకుముకిపిట్ట లేచిపోతుంది.

తేదీ ఖాయమయ్యాక రాయి. వారం మధ్యలో అయితే జనం ఉండరు. నా పాత తెడ్డు అటక మీద ఉంది, వచ్చి పట్టుకెళ్లు.

ఇట్లు,
పెదనాన్న