మా వాడు ఆర్మీ సర్జన్ అవుతానంటున్నాడు, చదువవగానే యుద్ధానికి పంపేస్తారా?

ప్రశ్న: మా అబ్బాయికి నీట్‌లో మంచి ర్యాంకు వచ్చేలా ఉంది. పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీలో చేరి ఆర్మీ సర్జన్ అవుతానని పట్టుబట్టాడు. చదువవగానే యుద్ధానికి పంపేస్తారేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మావారేమో ‘సీటొస్తే చేరనీ, తర్వాత బాండు డబ్బు కట్టేసి బయటికొచ్చేస్తాడు’ అంటున్నారు. ఏఎఫ్‌ఎంసీ మంచిదా, ఇక్కడే ఎంబీబీఎస్ చేసి తర్వాత సైన్యంలో చేరడం మంచిదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, 2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పటి నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. మీరు అడిగింది కాలేజీల గురించే అయినా అసలు బెంగ బిడ్డ ప్రాణం గురించి. ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఏడాది, ఆపైన లక్నోలోని ఆర్మీ మెడికల్ కోర్ కేంద్రంలో శిక్షణ. సాధారణంగా కొన్నేళ్లు యూనిట్లలో పనిచేశాకే పీజీ. జనరల్ సర్జరీ ఎంఎస్ మరో మూడేళ్లు. సర్జన్ అయ్యేసరికి మీ వాడికి ముప్పై దగ్గర పడతాయి. ఒక్క విషయం మాత్రం దాచను. సర్జన్ కాకముందే, పటాలం వెంట ఉండే డాక్టరుగా సరిహద్దుకు వెళ్లాల్సి రావచ్చు, సియాచిన్‌కైనా సరే. అక్కడ చేయాల్సింది ఆపరేషన్లు కాదు. కారుతున్న రక్తాన్ని ఆపాలి, ఊపిరి అందేలా చూడాలి, క్షతగాత్రుణ్ణి త్వరగా వెనక్కి పంపాలి. ఆపరేషన్ బల్ల ఉండేది ఇంకాస్త వెనక, ఫార్వర్డ్ సర్జికల్ సెంటర్‌లో. పూర్తి చికిత్స శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్ లాంటి చోట. ప్రమాదం లేదనను. కానీ మీరు ఊహించుకుంటున్నట్టు డిగ్రీ చేతికిచ్చి తుపాకుల మధ్యకు తోసెయ్యరు.

ఇక నా అనుమానమల్లా మీ అబ్బాయి ఉత్సాహం మీదే. రీల్స్‌లో కనిపించేది హెలికాప్టరు, యూనిఫాం. ఆర్మీ సర్జన్ ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచేది సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్ లాంటి చోట, హెర్నియాలు, అపెండిక్సులు, జవాన్ల కుటుంబాల జబ్బులు చూస్తూ. శాంతికాలంలో యుద్ధ గాయాలు కంటపడవు, చేతి నైపుణ్యం తగ్గుతుంది. అమెరికా సైన్యం తన సర్జికల్ బృందాలను 2001 నుంచి మయామీలోని రైడర్ ట్రామా సెంటర్‌కు పంపి, అక్కడి మామూలు పౌరుల గాయాల మీద తర్ఫీదు ఇప్పిస్తున్నది అందుకే.

ఆ తర్ఫీదులో కష్టమైనది కొత్తగా నేర్చుకోవడం కాదు, అలవాటు మానుకోవడం. మామూలు ఆసుపత్రిలో మంచి సర్జన్ మొదలుపెట్టిన ఆపరేషన్‌ను చక్కగా పూర్తిచేస్తాడు. యుద్ధంలో కడుపులో తూటా దిగిన జవానుకు అలా గంటల తరబడి చేస్తే ఒళ్లు చల్లబడి, రక్తం గడ్డకట్టడం మానేసి, బల్ల మీదే ప్రాణం పోవచ్చు. అందుకని రక్తనాళం కట్టి, చిరిగిన పేగును తాత్కాలికంగా మూసి, కడుపులో గుడ్డలు కుక్కి, పైన కుట్లు వేయకుండానే ఐసీయూకి పంపేస్తారు. మిగతాది ఒకటి రెండు రోజుల తర్వాత, చాలాసార్లు వేరే ఊళ్లో వేరే సర్జన్ పూర్తిచేస్తాడు. చేతికో కాలికో తగిలిన తూటా గాయమైనా అంతే. చచ్చిన కండ కోసేసి, కడిగి, నాలుగైదు రోజులు తెరిచే ఉంచుతారు. వెంటనే కుట్టేస్తే లోపల కుళ్లుతుంది. పైగా పదిమందిని ఒకేసారి మోసుకొస్తే ఎవరు ముందో, ఎవరు ఆగగలరో నిమిషాల్లో తేల్చాలి. సగంలో ఆపి, తన రోగిని ఇంకొకరికి అప్పగించగల మనసు మీ వాడికి ఉందా? నాకైతే ర్యాంకు కంటే ఇదే ముఖ్యం.

పోలిక అడిగారు కాబట్టి చెబుతాను. చిన్నప్పటి నుంచే సైన్యమంటే ఇష్టమైతే ఏఎఫ్‌ఎంసీ. ఇంకా ఊగిసలాటలో ఉంటే ఉస్మానియాలోనో, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలోనో చదవనివ్వండి. రోడ్డు ప్రమాదాల కేసులతో అక్కడ చేతికి బోలెడంత పని. ఆ తర్వాత షార్ట్ సర్వీస్ కమిషన్ దారి, అంటే కొన్నేళ్లకే సైన్యంలో డాక్టరుగా చేరే వీలు, ఉండనే ఉంది. ఏ దారైనా చిన్నది కాదు. విశాఖ టింపనీ స్కూల్లో చదివిన ఆర్తీ సరీన్ ఏఎఫ్‌ఎంసీలో ఎంబీబీఎస్ చేసి 1985లో సైనిక వైద్యాధికారిగా చేరారు. 2024లో సాయుధ దళాల వైద్య సేవలకే డైరెక్టర్ జనరల్ అయ్యారు.

చివరిగా మీవారికి ఒక మాట. బాండు డబ్బు కట్టి బయటపడే లెక్కతో సీటు తీసుకోవడం తప్పండి. ఆ సీటు కోసం నిజంగా సైన్యానికి వెళ్లాలనుకున్న పిల్లవాడొకడు ఇంట్లో కూర్చుని ఏడుస్తాడు. అక్కడ నీట్ మార్కులు చూసి ఊరుకోరు, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ‘ఎందుకు వస్తున్నావు’ అని అడిగితే, తండ్రి నేర్పిన లెక్క మనసులో పెట్టుకుని పిల్లవాడు ఏం చెబుతాడు? దరఖాస్తుకు ముందే బాండు నిబంధనలు మీ ముగ్గురూ కూర్చుని చదవండి. ఏఎఫ్‌ఎంసీలో చదివితే షార్ట్ సర్వీస్ అయినా ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఇష్టంగా చేస్తానని మీ వాడు తన నోటితో చెబితేనే ఫారం నింపండి.