వార్డో వెళ్ళు, ఇల్లు మాత్రం కొనకు

శిరీషా,

నీకు వార్డోలో ఉద్యోగం ఖాయమైందని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ముత్తుకూరు కాలేజీలో రొయ్యల చెరువుల గురించి చదివిన పిల్ల నార్వేలో ట్రోమ్సో వెళ్ళి మాస్టర్స్ చేయడమే మన ఇంట్లో పెద్ద విశేషం అనుకున్నాం. ఇప్పుడు ఏకంగా ఆ దేశం తూర్పు కొసన, ఇస్తాంబుల్ కంటే తూర్పుకి ఉన్న దీవి మీద, చేపల కంపెనీలో క్వాలిటీ చూసే ఉద్యోగం! మీ పెదనాన్న పొద్దున్న వాకింగ్‌లో కలిసిన వాళ్ళకీ కలవని వాళ్ళకీ చెప్పి వచ్చారు. నాకూ గర్వంగానే ఉంది. కానీ రాత్రంతా నిద్ర లేదు. మేం అక్కడ కాపురం చేసినవాళ్ళం. కంపెనీ వాళ్ళు నీకు చెప్పే సంగతులు వేరు, నేను చెప్పేవి వేరు.

బట్టల గురించి ట్రోమ్సోలో ఉన్నదానికి నేను చెప్పేదేముంది. లోపల ఉన్ని, పైన గాలి ఆపేది, అంతే. చీకట్లో మెరిసే బిళ్ళ ఒకటి కోటుకి వేలాడదీసుకో. గొడుగు జోలికి పోకు.

చలికి భయపడకు. వెచ్చటి సముద్ర ప్రవాహం పుణ్యమా అని అక్కడ రేవు గడ్డకట్టదు. చాలా రోజులు థర్మామీటర్ మైనస్ అయిదు, ఆరు దగ్గరే ఉంటుంది. మనిషిని ఇబ్బంది పెట్టేది గాలి. బారెంట్స్ సముద్రం మీద నుంచి వచ్చే ఆ గాలికి అడ్డం ఏమీ లేదు, ఊళ్ళో చెట్లు కూడా ఉండవు. ఊళ్ళో ఉన్న పాత కోటలో రోవన్ చెట్టు ఒకటి ఉండేది, చలికాలం వస్తే దానికి కప్పు కట్టి పసిబిడ్డలా కాపాడేవారు. కారు తలుపు తీసేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని తియ్యి, లేకపోతే బందులతో సహా ఊడిపోతుంది. రోడ్డు మూసేశారు అంటే మూసేశారంతే. "ఇక్కడిదాకే కదా" అని బయల్దేరకు. విమానాశ్రయం దీవి మీద కాదు, ఇవతలి ఒడ్డున ఉంటుంది. సముద్రం కింద 88 మీటర్ల లోతున, దాదాపు 3 కిలోమీటర్ల సొరంగంలోంచి వెళ్ళాలి. సొరంగం భయం లేదు, నార్వేలో సముద్రం కింద కార్ల కోసం తవ్విన మొదటిది అదే, ఇప్పటికీ నడుస్తోంది. విమానమే గాలికి రాదు. ఇండియా టికెట్ తీసుకున్నప్పుడల్లా మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టుకో.

నవంబర్‌లో చేరతానని ఒప్పుకున్నావట! ఏం తొందరొచ్చిందే? ఫిబ్రవరి అని అడగలేకపోయావా? నవంబర్ ఆఖర్లో పోయిన సూర్యుడు మళ్ళీ జనవరి 20 దరిదాపుల్లోగానీ కనిపించడు. కొత్త ఊరు, తెలియని మనుషులు, పైన ఆ చీకటి. ఒప్పుకున్నావు కాబట్టి విను. మధ్యాహ్నం ఒక గంటో రెండు గంటలో ఆకాశం నీలంగా వెలుగుతుంది. లంచ్‌కి కూర్చోకుండా ఆ వేళ బయట తిరిగి రా. రోజూ పొద్దున చెంచాడు కాడ్ లివర్ ఆయిల్ తాగు, వాసన అని వంక పెట్టకు. కిటికీలకి దుప్పట్లు కట్టి ఇంట్లో ముడుచుకోకు, అది మాత్రం అసలు చేయకు. సూర్యబింబం పూర్తిగా కనిపించిన రోజు కోటలో ఫిరంగి పేలుస్తారు, బడి పిల్లలకి సెలవు ఇస్తారు. ఆ రోజు ఏ పని ఉన్నా వదిలేసి వెళ్ళు. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నేను ఎందుకు ఏడ్చానో నాకే తెలియదు. పక్కన నిలబడ్డ ముసలావిడ ఏమీ అడగకుండా తన ఫ్లాస్కులో కాఫీ పోసిచ్చింది.

ఎండాకాలం దీనికి తిరగబడి ఉంటుంది. మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా సూర్యుడు అస్తమించడు. అప్పుడు కావాలి దుప్పట్లు.

ఇక పని. నువ్వు క్వాలిటీ కాయితాలు పట్టుకుని చేపలు కోసే లైన్ దగ్గరికి వెళ్ళేదానివి. అలాంటివాళ్ళంటే లైన్ మీద నిలబడేవాళ్ళకి ఒళ్ళు మంట, నాకూ ఉండేది. అందుకని మొదటి వారం వాళ్ళతో పాటు నిలబడతానని నువ్వే అడుగు. మా రోజుల్లో కింద లైటు వెలిగే గాజు బల్ల ఉండేది. ఫిల్లే, అంటే ముల్లు తీసిన చేప ముక్క, దాని మీద పెడితే చేప కండ పాల గాజులా వెలుగుతుంది. అందులో గోధుమరంగు దారం చుట్టలా పురుగు కనిపిస్తుంది, కత్తి మొనతో దాన్ని తీసేయాలి. ఎక్కువ కండ కోస్తే బరువు పోయిందని ఫోర్‌మన్ అరుస్తాడు. తక్కువ కోస్తే పురుగు మిగిలిందని నీలాంటిది వచ్చి రాసుకుంటుంది. సాయంత్రానికి వేళ్ళు మన మాట వినవు. ఆ బల్ల దగ్గర నువ్వు ఒక పూట నిలబడి చూశావంటే తర్వాత నువ్వు చెప్పిన మాట వాళ్ళు వింటారు.

నా పక్కన నిలబడినవాళ్ళలో శ్రీలంక నుంచి వచ్చిన తమిళ ఆడవాళ్ళు ఉండేవారు. 1980లలో ఫిన్మార్క్, అదే వార్డో ఉన్న జిల్లా, తీరం పొడుగునా చేపల కంపెనీల్లో వాళ్ళు చాలామందే చేరారు. నా అరకొర అరవం వాళ్ళకి నవ్వు, వాళ్ళ చింతపండు నాకు ప్రాణం. పులుసుకి కాడ్ పనికిరాదని నేర్పింది వాళ్ళే. గరిటె తగిలితే చాలు, పొరలు పొరలుగా విడిపోతుంది. దాన్ని వేయించుకో. పులుసుకి స్టైన్‌బిట్ అడుగు, పళ్ళు చూస్తే దయ్యంలా ఉంటుంది గానీ ముక్క చెదరదు. పడవల వాళ్ళతో మంచిగా ఉన్నావంటే కాడ్ గుడ్ల సంచి ఊరికే ఇస్తారు. చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ ఇక్కడి నుంచే పట్టుకెళ్ళు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పైనంతా ఎవరైనా చెబుతారు. ఈ ఉత్తరం మొదలుపెట్టింది దీనికోసమే. మీ పెదనాన్న చూడకుండా వంటింట్లో కూర్చుని రాస్తున్నాను.

ఫిన్మార్క్‌లో పన్ను తక్కువ. జీతంలో చేతికి ఎక్కువ వస్తుంది. ఖర్చు పెడదామన్నా ఆ దీవి మీద షాపులు పెద్దగా లేవు. దాంతో డబ్బు మిగులుతుంది. చేతిలో నాలుగు రాళ్ళు చేరాయంటే మనవాళ్ళకి ఇల్లు తప్ప మరోటి తోచదు.

మీ పెదనాన్న షిప్పుల్లో రిఫ్రిజిరేషన్ మెకానిక్‌గా తిరిగి తిరిగి, అక్కడ ఒక కంపెనీలో కోల్డ్ స్టోరేజీ చూసుకోవడానికి కుదిరారు. మేం వెళ్ళిన కొత్తలోనే, 1989 ఏప్రిల్ 18న, కాడ్ తగ్గిపోయిందని ప్రభుత్వం తీరంలో చిన్న పడవల వేట ఆపేసింది. వసంతంలో, సరిగ్గా కాపెలిన్ చేపల వెంట కాడ్ ఒడ్డుకి వచ్చే కాలంలో! రేవు నిండా పడవలు, కదిలేది ఒక్కటీ లేదు. మగాళ్ళు పొద్దున్నే అలవాటుగా రేవుకి వచ్చి జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడేవారు. మరుసటి ఏడు నుంచి పడవకి ఇంత అని కోటా పెట్టారు. దక్కినవాడు నిలబడ్డాడు, దక్కనివాడు ఊరు వదిలాడు. ఇదంతా కళ్ళారా చూసిన మనిషే, నాలుగేళ్ళకి మళ్ళీ చేప బాగా పడేసరికి మొత్తం మర్చిపోయారు.

"ఎవడికో అద్దె ఎందుకు కట్టాలి?" అని మొదలైంది. కాకినాడలో సర్పవరం వైపు స్థలం కొందామని నేను అన్నాను. చెవిన పెట్టలేదు. పసుపు రంగు చెక్క ఇల్లు, కింద సెల్లారు, పైన రెండు గదులు, వంటింటి కిటికీలోంచి రేవు. 1944లో బాంబులకీ మంటలకీ ఊరు చాలావరకు పోయాక మళ్ళీ కట్టిన ఇళ్ళలో అదొకటి. చేతిలో ఉన్నదంతా పెట్టారు, పైన బ్యాంకు అప్పు. గృహప్రవేశానికి నేను పాలు పొంగిస్తుంటే లైన్‌లో నాతో పనిచేసేవాళ్ళు బూట్లు విప్పి వరసగా గోడకి ఆనుకుని నిలబడి చూశారు. ఆ రోజు నాకూ సంతోషంగానే ఉంది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇల్లు కొన్నాకే ఆ గాలి ఎలాంటిదో తెలిసింది. సముద్రం వైపు గోడకి రంగు వేస్తే ఉప్పుకి నిలవదు, మళ్ళీ గీకి మళ్ళీ వేయాలి. తుఫాను వచ్చిన రాత్రి పైకప్పు రేకు లేచి పడుతుంటే ఆయన మంచం మీద కూర్చుని ఆ చప్పుళ్ళు లెక్కపెట్టేవారు. అయినా అదంతా ఇష్టంగానే చేశారు.

1990ల చివర్లో కంపెనీ మూతపడింది. ఆ ఒక్కటే కాదు, ఆ తీరంలో ఒకదాని వెనక ఒకటి. చేపని పట్టీపట్టగానే ఫ్రీజ్ చేసి చైనా పంపితే అక్కడ కోయించడం చవక. మా చేతులు ఖరీదైపోయాయి. పని పోయినవాళ్ళంతా ఒకేసారి దక్షిణానికి బయల్దేరారు, వీధికి నాలుగు ఇళ్ళు అమ్మకానికి వచ్చాయి. ఒకప్పుడు నాలుగు వేల పైచిలుకు జనం ఉన్న ఊరు, ఇప్పుడు రెండు వేలు కూడా కష్టమే. మరి కొనేవాడేడి?

మేం ఓస్లో చేరాం. అక్కడ అద్దె, వార్డో ఇంటికి అప్పు. మనుషులు లేకపోయినా ఇంటికి హీటర్ వేసి ఉంచాలి, లేకపోతే పైపులు పగులుతాయి. ఆ కరెంటు బిల్లు కూడా మేమే. ఒక చలికాలం హీటర్ ఆగిపోయింది. పక్కింటాయన ఫోన్ చేసేసరికి పై గదిలో పైపు పగిలి, నీళ్ళు మెట్ల మీదుగా దిగుతూ గడ్డకట్టి, పై మెట్టు నుంచి తలుపు దాకా ఒకటే మంచు పలక అయిపోయింది. గొడ్డలితో కొట్టి తలుపు తీశారట. చివరికి ఆ పక్కింటాయన కొడుక్కే ఇంచుమించు ఊరికే ఇచ్చేశాం. ఇల్లు పోయాక కూడా అప్పు కట్టాం. ఎంతకాలం అని అడగకు, ఆ లెక్క గుర్తుచేస్తే మీ పెదనాన్న ఆ పూట అన్నం సరిగ్గా తినరు. ఇప్పటికీ "ఇల్లు తప్పు కాదు, టైము తప్పు" అంటారు. అననీ.

నీకు ఇదంతా పాత కథ అనిపిస్తుంది. ఇప్పుడు రాకాసి పీతలు వచ్చాయి కదా అంటావు. నాకూ తెలుసు. 1960లలో రష్యన్లు తెచ్చి మర్మాన్స్క్ వైపు సముద్రంలో వదిలితే అవి పాక్కుంటూ నార్వే తీరానికి వచ్చాయి, 2002 నుంచి నార్వేలో వాటి వేట వ్యాపారం అయింది. మంచి ధర, నీ జీతం కూడా అందులోంచే వస్తుందేమో. కానీ పీతకీ కోటానే, ఆ కోటా కూడా ఏటేటా మారుతుంది. పీతల డబ్బు చూసి మళ్ళీ ఎవరో "పాత ఇల్లు చవకగా ఉంది, బాగుచేసుకో" అంటారు. నిజంగానే అందంగా ఉంటాయి. 2012లో కళాకారులు వచ్చి ఖాళీ ఇళ్ళ గోడల నిండా బొమ్మలు వేశారు, కోమాలో ఉన్న ఊరిని లేపడానికట, కోమాఫెస్ట్ అని పేరు పెట్టారు. మా వీధి ఉందేమోనని ఆ ఫోటోలన్నీ భూతద్దం పెట్టి చూశాను. ఊరివాళ్ళు పాత ఇళ్ళు బాగుచేసుకుంటున్నారు కూడా. నువ్వు సెలవు రోజున వెళ్ళి వాళ్ళతో గోడ గీకు, రంగు వెయ్యి, వాఫల్స్ తిను. బ్యాంకు కాయితం మీద సంతకం మాత్రం పెట్టకు.

మార్చి దాటాక ఎదురుగా ఉన్న హోర్నోయా దీవికి పడవలో వెళ్ళు. వేల పక్షులు వచ్చి ఉంటాయి, పఫిన్లు కాళ్ళ దగ్గరే తిరుగుతాయి. టోపీ పెట్టుకుని వెళ్ళు, ఎందుకో అక్కడికి వెళ్ళాక తెలుస్తుంది. 17వ శతాబ్దంలో ఫిన్మార్క్‌లో మంత్రగత్తెలని ముద్ర వేసి చంపిన 91 మంది కోసం 2011లో వార్డోలోనే ఒక స్మారకం తెరిచారు, ఒక్కొక్కరికీ ఒక కిటికీ, ఒక దీపం. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఆ స్మారకం దగ్గరికి చీకటి నెలల్లో ఒంటరిగా వెళ్ళకు, ఎవరైనా తోడుంటే వెళ్ళు. నీకు దయ్యాల భయం లేదని తెలుసు, నాకుంది.

ఊళ్ళో ఎవరు ఏ పనికి పిలిచినా వెళ్ళు. రేవు శుభ్రం చేయడమైనా సరే, బడిలో కాఫీ పోయడమైనా సరే. అక్కడి వాళ్ళు ముందుగా పలకరించరు, అది పొగరు కాదు. ఒకసారి నీతో కలిసి మంచు ఎత్తిపోశారంటే ఆ తర్వాత నీ ఇంటి ముందు నువ్వు లేవకముందే ఎత్తి ఉంచుతారు.

అద్దె ఇల్లు కంపెనీయే చూపిస్తుందని మీ అమ్మ అంది. అగ్రిమెంటు మీద సంతకం చేసేముందు నాకు ఫోటో తీసి పంపు. చదవడానికి నార్వీజియన్ ఇంకా వస్తుంది నాకు. కరెంటు ఎవరు కట్టాలో, పైపులు పగిలితే బాధ్యత ఎవరిదో, కంపెనీ మూసేస్తే ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో ఆ మూడూ చూసి చెబుతాను. ఆదివారం లోపల పంపు, సోమవారం నాకు కంటి ఆపరేషన్ ఉంది.

మీ పెద్దమ్మ
కాకినాడ