పాత ట్రైలర్ బాగుచేతకు ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది పాలకొల్లు. రైల్వేలో రిటైరయ్యాను, వయసు 66. పెన్షన్ నెలకు 38,000. ఎఫ్‌డీలో 12 లక్షలు, సీనియర్ సిటిజన్స్ స్కీములో 15 లక్షలు ఉన్నాయి. రెండెకరాల కొబ్బరితోట కౌలుకిచ్చాం. అమ్మాయి, అల్లుడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటారు. అమ్మాయి నెలనెలా 25,000 పంపుతుంది. కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల పడుకునే వీలున్న 1960ల నాటి ట్రావెల్ ట్రైలర్‌ని అల్లుడు కొన్నాడు. అలాంటి పాత ట్రైలర్ల క్లబ్బు వాళ్లంతా అక్టోబరులో ఆ ఊళ్లో కలుస్తారట, మమ్మల్నీ రమ్మంటున్నారు. మూడు నెలల ప్రయాణానికని 4 లక్షలు పక్కన పెట్టాం. ట్రైలర్ బాగుచేతకు వాళ్లకి 6,000 డాలర్లు తక్కువయ్యాయి. ఎఫ్‌డీ బ్రేక్ చేసి ఇవ్వొచ్చా? ప్రయాణానికి 4 లక్షలు చాలుతాయా?

జవాబు: ప్రయాణం మానుకోకండి, 4 లక్షలు చాలుతాయి. బాగుచేతకు మాత్రం 2 లక్షలు దాటి ఇవ్వకండి. ఆ రెండు లక్షలూ ఎఫ్‌డీలోంచి తీయకండి.

డాలరు 90 రూపాయలు అనుకుంటే 6,000 డాలర్లంటే 5.4 లక్షలు. మీ ఎఫ్‌డీలో దగ్గరదగ్గర సగం. రాత్రికి రాత్రి అవసరం పడితే చేతికొచ్చే డబ్బు మీకు అదొక్కటే. సీనియర్ సిటిజన్స్ స్కీములోది ముందుగా తీస్తే, ఏడాది దాటి రెండేళ్లలోపు అయితే అసలులో 1.5 శాతం, రెండేళ్లు దాటాక అయితే 1 శాతం కోసేస్తారు. ఎఫ్‌డీ బ్రేక్ చేసినా నష్టమే. డబ్బు ఎన్నాళ్లు ఉందో అన్నాళ్లకు వర్తించే వడ్డీయే లెక్కగట్టి, చాలా బ్యాంకులు అందులోంచి మళ్లీ అర శాతం నుంచి ఒక శాతం తగ్గిస్తాయి. ఎఫ్‌డీ మీద లోను తీసుకుందామా అంటే, తిరిగొచ్చే డబ్బుకైతే అది మంచి దారి. ఇది తిరిగొచ్చే డబ్బు కాదు.

అమ్మాయి పంపే 25,000 ఎనిమిది నెలలు పంపొద్దని చెప్పండి. 2 లక్షలు అక్కడే మిగులుతాయి. అక్కణ్ణుంచి ఇక్కడికి ఒకసారి, ఇక్కణ్ణుంచి అక్కడికి ఇంకోసారి మారకం చేయించడం ఎందుకు? 5.4 లక్షలు మీరే పంపితే, బ్యాంకు మారకపు రేటులో 2 శాతం తేడా తీసుకున్నా 10,800 పోతుంది. మారకం మీద జీఎస్టీ 576, పంపుడు చార్జీ వేరే. విదేశాలకు పంపే డబ్బు ఆర్థిక సంవత్సరంలో మనిషికి 10 లక్షలు దాటితేనే టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, పడుతుంది కాబట్టి ఆ భయం మీకు లేదు. కానీ డబ్బు కదలకుండానే పని జరిగే దారి ఉన్నప్పుడు కదిలించడం దండగ.

ఆ ఎనిమిది నెలలూ ఇల్లు గడుస్తుందా అన్నదే అసలు చూసుకోవాల్సింది. స్కీము వడ్డీ 8.2 శాతం చొప్పున మూడు నెలలకు 30,750, అంటే నెలకు 10,250. పెన్షన్‌తో కలిపి 48,250. తోట కౌలు పైన. అందులో మూడు నెలలు మీరు ఊళ్లోనే ఉండరు. ఇది చాలదనిపిస్తే ఆరు నెలలకే ఆపండి, లక్షన్నర ఇవ్వండి. మీకు ఇంకా పిల్లలుంటే ఈ సంగతి వాళ్లకూ తెలిసేలా చెప్పి ఇవ్వండి. తర్వాత మాట రాకుండా ఉంటుంది.

ఇక ఆ 2 లక్షలు, అంటే సుమారు 2,200 డాలర్లు, దేనికి ఖర్చవ్వాలో అల్లుడితో ముందే మాట్లాడుకోండి. పాత ట్రైలర్ కొన్న ఎవరికైనా ముందు చెయ్యి రంగు మీదకీ పరుపుల మీదకీ పోతుంది. ఖర్చు మొదలవ్వాల్సింది చక్రాల దగ్గర. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2318 అని ఉంటే 2018లో 23వ వారం. ట్రైలర్ ఎక్కువ కాలం నిలబడే ఉంటుంది కనుక గాడులు అరగవు, రబ్బరు మాత్రం ఎండకు బీటలిస్తుంది. ఆరేళ్లు దాటితే గాడులు కొత్తగా కనబడినా మార్చేయాల్సిందే, అదీ ట్రైలర్లకని చేసిన టైర్లతోనే. చక్రాల బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టించాలి. ఎలక్ట్రిక్ బ్రేకులుంటే వాటి అయస్కాంతాలు అరిగాయేమో చూడాలి, వాటిని నడిపే కంట్రోలర్ కారులో ఉండాలి. ట్రైలర్ కారు నుంచి ఊడిపోతే దానంతటదే బ్రేకు వేసే స్విచ్ ఒకటుంటుంది, అది తప్పకుండా పనిచేయాలి. ముందు కొక్కెం మీద పడే బరువు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. సామానంతా వెనక సర్దితే ఆ బరువు తగ్గిపోయి, హైవే మీద తోక ఊగడం మొదలవుతుంది. పాత ట్రైలర్లు బోల్తా పడే కారణాల్లో అదొకటి.

తర్వాత గ్యాస్. రెగ్యులేటర్ కొత్తది వేయించి, రాగి గొట్టం అతుకులన్నిటికీ సబ్బునీళ్లు రాసి చూడాలి. గ్యాస్ లీకు చెప్పే అలారం, పొగ అలారం, మంటలార్పే సిలిండర్ మూడూ కొనాలి. ఆ నాటి వైరింగుకు ఎర్త్ లేకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి.

ఇంతవరకూ అయ్యాక డబ్బు మిగిలితే పైకప్పు అతుకులు. అప్పటి ట్రైలర్లు చాలావాటికి చెక్క చట్రం మీద అల్యూమినియం రేకు బిగించి ఉంటుంది. అతుకులోంచి చెమ్మ దిగితే లోపల చెక్క పుచ్చిపోతుంది. మూలలు నొక్కి చూస్తే మెత్తగా తగులుతుంది. అతుకులు విప్పి, నీళ్లు దిగకుండా అతుక్కునే బ్యూటైల్ టేపు వేసి మళ్లీ బిగించాలి. సిలికాన్ పూస్తే ఆ తర్వాత దానిమీద ఇంకేదీ అంటుకోదు. లీకు ఆపకుండా రంగేస్తే రెండేళ్లలో ఆ రంగుతో సహా రేకు ఊడదీయాలి. అందుకే మిగతా 3,800 డాలర్ల పని ఆగినా ఫర్వాలేదు, అల్లుడి జీతంలోంచి నెమ్మదిగా చేసుకోవచ్చు. ఇలాంటి కలయికలకు సగం బాగుచేసిన ట్రైలర్లు కూడా వస్తాయి. వాటి చుట్టూనే జనం నిలబడి మాట్లాడుకుంటారు. ఇది అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఇష్టం. టిన్ క్యాన్ టూరిస్ట్స్ అనే సంఘం ఫ్లోరిడాలోని టాంపాలో 1919లోనే పుట్టింది.

కలయిక ఖర్చు పెద్దదేం కాదు. స్థలం అద్దె, నమోదు రుసుము వాళ్లే కడతారు. రెండు విషయాలు మాత్రం అడగమనండి. ఆ స్థలంలో కరెంటు 30 ఆంపియర్లదైతే పాత ట్రైలర్ 15 ఆంపియర్ల ప్లగ్గుకు అడాప్టర్ కావాలి. ఆనాటి ట్రైలర్లలో చాలావాటికి వాడిన నీళ్లు పట్టే ట్యాంకు ఉండదు. నగరాల్లోని క్యాంపుల్లో నేలమీద వదలనివ్వరు కాబట్టి చక్రాల ట్యాంకు ఒకటి తీసుకెళ్లాలి.

మీరిద్దరూ పగలంతా అక్కడ గడపండి, రాత్రి హోటల్లో పడుకోండి. ఇరుకు మంచం మీంచి దిగి అర్ధరాత్రి క్యాంపు బాత్రూముకు నడవడం ఈ వయసులో మంచిది కాదు. రెండు రాత్రులకు 30 వేలు పెట్టుకోండి. టికెట్లు ఇద్దరికీ 2.4 లక్షలు, ట్రావెల్ ఇన్సూరెన్సుకు లక్ష. మిగిలిన 30 వేలు చేతి ఖర్చుకు.

ఇన్సూరెన్సులో మాత్రం పొదుపు చూడకండి. మీ రైల్వే వైద్య సదుపాయం అక్కడ పనిచేయదు. మనిషికి కనీసం లక్ష డాలర్ల కవర్ ఉండాలి. ఒక్కో చికిత్సకు ఇంతే ఇస్తామని పట్టిక వేసిన చౌక పాలసీలు తీసుకోవద్దు, అక్కడి ఆసుపత్రి బిల్లులో అవి ఒక మూలకు కూడా రావు. బీపీ, షుగరు ఉంటే దరఖాస్తులోనే రాయండి. దాస్తే క్లెయిము తిరస్కరించడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది.

ట్రైలర్‌కీ బీమా ఉందో లేదో అల్లుణ్ణి అడగండి. ఎదుటివాళ్లకు జరిగిన నష్టం సాధారణంగా కారు పాలసీ కింద వస్తుంది, ట్రైలర్‌కు జరిగింది రాదు. ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ తీసుకోవాలి. మామూలు పాలసీలో అరవై ఏళ్ల బండికి తరుగుదల పోగా మిగిలేది నామమాత్రం.

నవంబరులో మీరు అక్కడే ఉంటారు కాబట్టి పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ సంగతి బయల్దేరే ముందే మీ బ్యాంకులో మాట్లాడుకోండి. భారత కాన్సులేటు అధికారి సంతకంతోనూ ఇవ్వొచ్చు. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నకలు సూట్‌కేసులో కాకుండా చేతిసంచీలో పెట్టుకోండి.