టీచర్‌ని "అమ్మా" అని పిలిచిన ఆ ఒక్క సెకను

మీ ప్రశ్న ఇది: ఆరు నుంచి ఎనిమిదో తరగతి చదివే పిల్లల మీద ఒక యానిమేషన్ కామెడీ సీరియల్ రాస్తున్నారు. మొదటి ఎపిసోడ్ స్క్రిప్టు చదివిన పెద్దవాళ్లంతా బాగా నవ్వారు. అదే స్క్రిప్టు ఆ వయసు పిల్లలకు వినిపిస్తే ఒక్కరూ నవ్వలేదు. తప్పు ఎక్కడుంది?

అచ్చం ఇదే నాకూ జరిగింది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

మేం నలుగురం కలిసి రెండేళ్లు ఇలాంటి షో మీద పనిచేశాం. దాని పేరు 'మూడో బెంచీ'. ఎపిసోడ్‌కి 11 నిమిషాలు. ఏడో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చునే కార్తీక్, మేఘన, వాసు కథలు. నేను రాసేవాణ్ని, కొన్ని స్టోరీబోర్డులు (సీన్లను వరస బొమ్మలుగా చూపే పేజీలు) కూడా గీశాను.

మొదటి ఎపిసోడ్‌లో కార్తీక్ లేచి నిలబడి లెక్కల మేడంని పొరపాటున "అమ్మా" అని పిలుస్తాడు. అంతే కథ. మొదటి డ్రాఫ్టులో క్లాసంతా పగలబడి నవ్వుతుంది. వాడు ఎక్కడికెళ్లినా ఎవరో ఒకరు "అమ్మా" అంటారు. చివరికి అందరూ మర్చిపోతారు, "చూశావా, నువ్వు అనుకున్నంత పెద్ద విషయమేం కాదు" అని వాళ్ల నాన్న అంటాడు. పెద్దవాళ్లకు చదివి వినిపిస్తే కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తర్వాత పన్నెండేళ్ల పిల్లల్ని ఎనిమిది మందిని కూర్చోబెట్టి చదివాను. ఎవరూ నవ్వలేదు. అయిపోయాక ఒక అమ్మాయి, "వాడికి ఒక్క ఫ్రెండ్ కూడా లేడా?" అని అడిగింది. వెనక కూర్చున్న అబ్బాయి, "మర్చిపోతారని ఎందుకు రాశారు? మర్చిపోరు. మా క్లాసులో ఇంకా అలాగే పిలుస్తున్నారు" అన్నాడు. ఎవర్ని పిలుస్తున్నారని నేను అడగలేదు. తల దించుకుని చెప్పిన తీరులోనే తెలిసిపోయింది.

ఆ రాత్రి స్క్రిప్టు మళ్లీ చదివితే సంగతి అర్థమైంది. మా కథలో నవ్వేవాళ్లంతా ఒక వైపు, కార్తీక్ ఒక్కడే ఒక వైపు. పెద్దవాళ్లు ఆ వయసు దాటి వచ్చారు కాబట్టి నవ్వేవాళ్లతో కలిసిపోగలిగారు. పిల్లలు కార్తీక్ పక్కన కూర్చున్నారు. మీ స్క్రిప్టు నేను చూడలేదు గానీ, పెద్దలు నవ్వి పిల్లలు ఊరుకున్నారంటే ముందుగా వెతకాల్సింది ఇక్కడే. ప్రతి సీన్‌లో మనం ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాం?

ఈ వయసు గురించి చదువుతుంటే నాకు బాగా ఉపయోగపడిన మాట ఒకటి దొరికింది. డేవిడ్ ఎల్కైండ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1967లో రాసిన వ్యాసంలో 'ఇమాజినరీ ఆడియన్స్' అనే మాట వాడారు. అంటే ఊహలోని ప్రేక్షకులు. యవ్వనంలోకి అడుగుపెడుతున్న పిల్లలకు, తాము తమ గురించి ఎంతగా ఆలోచిస్తున్నారో చుట్టూ ఉన్నవాళ్లు కూడా తమ గురించి అంతగానే ఆలోచిస్తున్నారని అనిపిస్తుందట. ముక్కు మీద చిన్న మొటిమ వస్తే స్కూలు మొత్తం దాన్నే చూస్తోందనిపిస్తుంది. ఒక్క తప్పు మాట నోరు జారితే జీవితాంతం అదే తన పేరు అనిపిస్తుంది. పెద్దవాళ్లు దీన్ని "ఓవర్ చేస్తున్నాడు" అని తీసిపారేస్తారు. ఆ పిల్లాడికి మాత్రం ఆ కళ్లన్నీ నిజంగానే ఉన్నాయి.

యానిమేషన్ మనకిచ్చే వరం ఇదే. మామూలు కెమెరాకి దొరకని ఆ కళ్లను మనం గీసి చూపించగలం. రెండో డ్రాఫ్టులో క్లాసు నవ్వడమే తీసేశాం. కార్తీక్ నోట్లోంచి "అమ్మా" అన్న మాట రాగానే గది పొడుగ్గా సాగిపోతుంది. బోర్డు మీది సున్నాలు కళ్లవుతాయి. గోడ గడియారం వాడి వైపు తిరుగుతుంది. బెల్లు మోగితే అది కూడా "అమ్మా" అనే మోగుతుంది. ఇవన్నీ వాడి టెన్షన్‌ని వాడు అనుభవిస్తున్నంత సైజులో చూపించేవి. ఈ వెర్షన్ ఆనిమాటిక్‌ని, అంటే స్టోరీబోర్డు బొమ్మల్ని గొంతులతో, సౌండ్‌తో కలిపి వరసగా ఆడించే కచ్చా వీడియోని, అదే పిల్లలకు చూపించినప్పుడు, బెల్లు మోగగానే గదంతా నవ్వింది. వెనక కూర్చునే ఆ అబ్బాయి కూడా.

దీనికి ఖర్చు ఎక్కువేమో అనుకోకండి. లెక్క చూడండి: సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలకు 15,840 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా 7,920 బొమ్మలు. ముప్పై మంది పిల్లలు విడివిడిగా నవ్వుతూ, భుజాలు ఊపుతూ ఉన్న క్లాసుని గీయడం ఈ పనిలో బాగా భారమైన సీన్లలో ఒకటి. చీకట్లో ముప్పై జతల కళ్లు రెప్పలార్పడం చాలా తేలిక. పిల్లాడి మనసుకు దగ్గరగా ఉన్న బొమ్మే గీయడానికీ సులువు కావడం నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఇక ముగింపు. అందరూ మర్చిపోతారన్నది అబద్ధమని పిల్లలే చెప్పారు కాబట్టి అది పోయింది. దాని బదులు ఏం పెట్టాలో తెలియక మూడు వారాలు కొట్టుకున్నాం. చివరికి సౌండ్ చూసే స్నేహితుడికి ఒక ఆలోచన తట్టింది. ఎపిసోడ్ చివర్లో మేఘన ఆ రోజు జరిగింది గుర్తు చేసుకుంటుంది. అదే సీన్ మళ్లీ వస్తుంది, కానీ ఈసారి కార్తీక్ గుండె చప్పుడు లేదు, సాగిపోయిన గది లేదు, కళ్లు లేవు. మామూలు క్లాసు. వాడు "అమ్మా" అంటాడు. మేడం నోట్‌బుక్కులు దిద్దుతూ, తలెత్తకుండానే, "ఏం నాన్నా?" అంటుంది. ఆ జవాబు మొదటిసారి కూడా సౌండ్‌ట్రాక్‌లో ఉంది, వాడి గుండె చప్పుడు కింద అణిగిపోయింది. రాసేటప్పుడు నాకు తోచని సంగతి ఇది. పేజీ మీద దొరికేది కాదు, చెవితో వింటేనే దొరుకుతుంది. అందుకే స్క్రిప్టు దగ్గరే ఆగిపోకుండా వీలైనంత త్వరగా ఆనిమాటిక్ దాకా వెళ్లమంటాను. ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసి, పెన్సిల్ బొమ్మలు వరసగా పెట్టినా చాలు.

తర్వాతి సంగతి శరీరం. చాలా మంది ఈ వయసు పాత్రల్ని చిన్నపిల్లల బొమ్మనే కాస్త పొడుగు చేసి గీస్తారు. పెరుగుదల అలా ఉండదు. ముందు చేతులు, పాదాలు పెరుగుతాయి, తర్వాత కాళ్లు పొడుగవుతాయి, మొండెం వెనకాల వస్తుంది. అందుకే ఆ వయసులో గ్లాసులు చేజారతాయి, కాళ్లు బెంచీలకు తగులుతాయి. వాసుకి మేం పెద్ద పాదాలు పెట్టాం, అంతే, వాడు మెట్లు దిగడమే ఒక సీన్ అయింది. వాడు పడిపోతే నవ్వించడం మా ఉద్దేశం కాదు. నిన్నటి దాకా తనదే అయిన శరీరం ఇవాళ మాట వినడం లేదన్న ఆశ్చర్యం వాడి ముఖంలో కనిపించాలి. అలాగే ఆడపిల్లల్లో ఈ ఎదుగుదల మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందు వస్తుంది. ఒకే బెంచీ మీద మేఘన అందరికంటే పొడుగు, కార్తీక్ ఆమె భుజం దాకా. మోడల్ షీట్ (పాత్రల రూపం, కొలతలు ఖాయం చేసే బొమ్మల పేజీ) గీసేటప్పుడే ఈ ఎత్తులు పక్కపక్కన పెట్టి చూసుకోండి. డైలాగు లేకుండానే సగం కథ అక్కడ కనిపిస్తుంది.

గొంతు విషయంలో మాకు పెద్ద దెబ్బే తగిలింది, మీరు ముందే జాగ్రత్తపడండి. యానిమేషన్‌లో ముందు గొంతులు రికార్డు చేసి, పెదవుల కదలిక దానికి తగ్గట్టు గీస్తారు. కార్తీక్‌కి పదమూడేళ్ల అబ్బాయి చెప్పాడు. మూడో ఎపిసోడ్ రికార్డింగుకీ ఐదో ఎపిసోడ్‌కీ మధ్య వాడి గొంతు మారిపోయింది. స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు సాగి, మగపిల్లల గొంతు ఇంచుమించు ఒక స్థాయి కిందికి దిగుతుంది, పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా అన్నమాట. మారే రోజుల్లో ఒకే వాక్యంలో రెండు గొంతులు పలుకుతాయి.

దీనికి పాత ఉపాయం పెద్దవాళ్లతో, ముఖ్యంగా నటీమణులతో, మగపిల్లల గొంతు చెప్పించడం. 1989లో మొదలైన ది సింప్సన్స్ అనే అమెరికన్ యానిమేషన్ సీరియల్‌లో పదేళ్ల బార్ట్‌కి నాన్సీ కార్ట్‌రైట్ అనే నటి గొంతు ఇచ్చారు. పాత్ర వయసు కదలకుండా ఏళ్ల తరబడి నడిచే షోకి అది సరిగ్గా సరిపోయే పద్ధతి. కానీ నా అభిప్రాయంలో ఈ మూడు తరగతుల కథకు ఎదగని పాత్రలు నప్పవు, ఎందుకంటే మారిపోవడమే ఈ వయసు. మేం ఆ అబ్బాయిని మార్చలేదు. ఐదో ఎపిసోడ్ కథే మార్చాం: ప్రార్థన దగ్గర పాడాల్సిన కార్తీక్ గొంతు బొంగురుపోతుంది, వాడు రోజంతా నోరు విప్పకుండా సైగలతో గడుపుతాడు. రాయడానికి ముందు ఆ అబ్బాయిని పక్కకు పిలిచి, నీకు ఇబ్బంది లేకపోతేనే అని అడిగాం. రెండు రోజులు ఆలోచించుకుని సరే అన్నాడు. వాడు వద్దంటే ఆ ఎపిసోడ్ ఉండేది కాదు. పిల్లలతో పనిచేస్తే ఈ మాట మాత్రం మర్చిపోకండి.

టీచర్ల గురించి ఒక్క మాట. పీనట్స్ అనే అమెరికన్ కామిక్ ఆధారంగా తీసిన టీవీ స్పెషల్స్‌లో పెద్దవాళ్ల మాటల బదులు ట్రాంబోన్ (ఊదే ఇత్తడి వాయిద్యం) మోత వినిపిస్తుంది. చిన్నపిల్లల ప్రపంచానికి అది చాలా అందమైన పద్ధతి. పన్నెండేళ్ల పిల్లలకు మాత్రం పెద్దవాళ్ల మాట వినిపిస్తుంది, అర్థమూ అవుతుంది, గుచ్చుకుంటుంది కూడా. కాబట్టి మీ టీచర్లని మనుషులుగానే రాయండి.

పిల్లల భాష కోసం మరీ కష్టపడకండి. ఇవాళ వాళ్లు వాడే కొత్త మాట మీ ఎపిసోడ్ పూర్తయ్యేసరికి పాతబడిపోతుంది. ఒక్క 11 నిమిషాల ఎపిసోడ్‌కే స్క్రిప్టు నుంచి చివరి మిక్సింగ్ దాకా మాకు నెలలు పట్టింది. అలిగినప్పుడు ఎంత పొట్టిగా మాట్లాడతారు, అబద్ధం చెప్పేటప్పుడు ఎంత పొడుగ్గా చెప్తారు అన్నవి పాతబడవు. వాటిని పట్టుకోండి.

ఇప్పుడు మీ స్క్రిప్టు తీసుకుని మళ్లీ అదే పిల్లల దగ్గరికి వెళ్లండి. ఈసారి మొత్తం చదవొద్దు, ఒక్కో సీన్ చదివి ఆగండి. నవ్వారా లేదా అని చూడకండి. "మా క్లాసులో కూడా..." అంటూ ఎవరైనా మధ్యలో అందుకుంటే, స్క్రిప్టులో ఆ చోట పెన్సిల్‌తో గీత పెట్టి, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. మా రెండో ఎపిసోడ్ నుంచి నాలుగో ఎపిసోడ్ దాకా కథలన్నీ అలాంటి గీతల దగ్గర దొరికినవే.