‘టాలరెంట్’, ‘ఓపెన్ మైండెడ్’ ఒకటేనా?

ఒకటి కాదు: నచ్చనిదాన్ని కూడా అడ్డుకోకుండా సహించే వ్యక్తి ‘టాలరెంట్’, కొత్త ఆలోచనను ముందే తోసిపుచ్చకుండా వినే వ్యక్తి ‘ఓపెన్ మైండెడ్’. మొదటి మాటకు మూలమైన లాటిన్ క్రియకు ‘భరించడం’ అని అర్థం. అందుకే అందులో కాస్త అయిష్టం దాగి ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం ఒడిశా సరిహద్దున ఉంది. అక్కడ తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. ఒడియా పొరుగింటి పండుగ మైకు చెవుల్లో మోగుతున్నా సర్దుకుపోయే తెలుగాయన టాలరెంట్. అరిసెల పళ్లెం పట్టుకెళ్లి, వాళ్ల పిఠాలు రుచి చూసి, ఆ పండుగ ఎందుకు చేస్తారో ఆసక్తిగా అడిగే ఆవిడ ఓపెన్ మైండెడ్. ఎంత చక్కని గుణం!

ఓపెన్ మైండెడ్ అంటే ఎదుటివారు చెప్పినదానికల్లా తలూపడమని చాలామంది పొరబడతారు. పూర్తిగా విన్న తర్వాత కాదనే హక్కు ఆ మాటలోనే ఉంది.