లింకు వెలిగితే సరిపోదమ్మా

చిరంజీవి అమ్మాయికి బాబాయ్ ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు దళాల కమాండ్ అండ్ కంట్రోల్ వ్యవస్థల్ని, అంటే పరిస్థితిని తెర మీద చూపి ఆదేశాలు చేరవేసే వ్యవస్థల్ని, ఒకదానితో ఒకటి మాట్లాడించే పని నీ నెత్తిన పడిందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. టెన్షన్ పడటం సహజమే. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, పనికొచ్చింది ఉంచుకో.

"లింకు పచ్చగా వెలిగింది, డేటా వెళ్తోంది" అని ఎవరైనా సంబరపడితే నువ్వు మాత్రం పడకు. డేటా చేరడం వేరు, ఇక్కడి మనిషి అనుకున్నదే అక్కడి మనిషికి అర్థం కావడం వేరు. ఉదాహరణకు లింక్ 16 తీసుకో, అమెరికా, నాటో సైన్యాల విమానాలు, ఓడలు సమాచారం పంచుకునే రేడియో నెట్‌వర్క్ అది. తెర మీద కనబడే ట్రాక్, అంటే కదిలే విమానానికో ఓడకో పెట్టిన గుర్తు, ఎవరిదో అందులో ఏడు రకాలుగా చెప్పొచ్చు: ఇంకా తేల్చనిది, తెలియనిది, మనదే అనుకుంటున్నది, మనది, తటస్థం, అనుమానితం, శత్రువు. అవతలి వ్యవస్థలో మనది, శత్రువు, తటస్థం, తెలియదు అని నాలుగే గళ్లున్నాయనుకో. 'అనుమానితం' ఏ గడిలో వేస్తావు? 'శత్రువు'లో వేస్తే అక్కడ కూర్చున్నవాడికి ఎర్రగా కనబడి చెయ్యి బటన్ మీదికి పోతుంది. 'తెలియదు'లో వేస్తే ఇక్కడివాడి అనుమానం దారిలోనే ఆవిరైపోతుంది. అసలు చిక్కు ఇంకొకటుంది. అదే ట్రాక్ తిరుగు టపాలో మన దగ్గరికొస్తే, మనం పంపిన అనుమానమే 'శత్రువు' అయి, ఇంకెవరో నిర్ధారించినట్టు కనబడుతుంది. మన మాటకు మనమే సాక్షులమన్నమాట!

ఈ గళ్ల లెక్క తేల్చాల్సింది ప్రోగ్రామర్ కాదు. ఆదేశం ఇచ్చే అధికారం ఉన్నవాడు తేల్చి, కింద సంతకం పెట్టాలి. ఒకచోట ఈ నిర్ణయం సాయంత్రం ఇంటికెళ్లే తొందరలో ఒక కుర్రాడు రాసిన ఒక్క లైన్ కోడ్‌లో ఉండటం నేను కళ్లారా చూశాను. పైవాళ్లెవరికీ దాని సంగతే తెలియదు.

ఇంకో ముచ్చట. ఒక పరీక్షలో ఎగురుతున్నది ఒకే విమానం, స్క్రీన్ మీద మాత్రం రెండు గుర్తులు, కిలోమీటరు ఎడంగా, ఒకదాని వెనక ఒకటి. రాడార్ వాళ్లు సాఫ్ట్‌వేర్‌ని తిట్టారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు రాడార్‌ని తిట్టారు. రెండు రోజులు ఎడ్డెమంటే తెడ్డెం. చివరికి చూస్తే ఒక కంప్యూటర్ గడియారం నాలుగు సెకన్లు తేడాగా ఉంది. గంటకు 900 కిలోమీటర్లు పోయే విమానం సెకనుకు 250 మీటర్లు పోతుంది, నాలుగు సెకన్లకు కిలోమీటరు. సరిచేయడానికి పది నిమిషాలు పట్టలేదు. అందుకే ముందు గడియారాలు చూడు. మెసేజ్‌లో ఉన్న టైము పంపిన టైమా, రాడార్ చూసిన టైమా అని తప్పకుండా అడుగు. ఎత్తు విషయంలోనూ ఇంతే. ఒకరు సముద్ర మట్టం నుంచి కొలుస్తారు, ఇంకొకరు డబ్ల్యూజీఎస్ 84 ఎలిప్సాయిడ్ నుంచి, అంటే జీపీఎస్ వాడే భూమి నమూనా ఉపరితలం నుంచి, కొలుస్తారు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో ఈ రెండింటికీ తేడా వంద మీటర్లు దాటుతుంది. అడుగులా మీటర్లా అన్న గొడవ దీనికి అదనం.

కంపెనీల వాళ్లు వచ్చి "మేం ప్రమాణం పాటించాం" అంటారు. ఇద్దరూ అంటారు, ఇద్దరూ నిజమే చెప్తారు, అయినా పొంతన కుదరదు. ప్రమాణాల్లో ఇష్టమైతే అమలు చేయొచ్చు అనే భాగాలు బోలెడు, ఎవరికి తోచినవి వాళ్లు ఏరుకుంటారు. అందుకని ఏ మెసేజ్‌లు పంపుతారు, ఏవి తీసుకుంటారు, తీసుకున్నవాటిలో ఏ ఫీల్డులు (మెసేజ్‌లోని ఒక్కో వివరం) చూడకుండా పారేస్తారు అని అడుగు. మూడో ప్రశ్నకు ఎవరూ నీళ్లు నమలకుండా జవాబు చెప్పరు. రాతపూర్వకంగా వచ్చేదాకా వదలకు.

జంటలు జంటలుగా కలుపుకుంటూ పోకు. పది వ్యవస్థలకు నలభై అయిదు అతుకులు పడతాయి. అందరూ తమ డేటాను మార్చుకునే ఒక ఉమ్మడి రూపం, అదే ఉమ్మడి డేటా మోడల్, పెట్టుకుంటే పదితో పోతుంది. ఏ సమాచారం ఎంత రహస్యమో చెప్పే ముద్ర సంగతి మొదటి రోజే తేల్చు. దాన్ని చివర్లో అతికించడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

యంత్రాల మధ్య సఖ్యత కుదిరినా మనుషుల పద్ధతులు కలవకపోతే ఏమవుతుందో 1994 ఏప్రిల్ 14న ఉత్తర ఇరాక్‌లో తెలిసింది. రెండు అమెరికన్ ఎఫ్-15 ఫైటర్ విమానాలు తమ సైన్యానివే అయిన రెండు బ్లాక్ హాక్ హెలికాప్టర్లను కూల్చేశాయి. 26 మంది పోయారు. గాల్లో అవాక్స్ అనే రాడార్ విమానం కాపలా ఉంది, మనవాడా పరాయివాడా అని సంకేతంతో అడిగి తెలుసుకునే ఐఎఫ్ఎఫ్ ఉంది, రేడియోలున్నాయి. కానీ ఐఎఫ్ఎఫ్‌కు జవాబుగా ఆ ప్రాంతం లోపల వాడాల్సిన మోడ్ 1 కోడ్ వేరని హెలికాప్టర్ల వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లున్న ఫ్రీక్వెన్సీ వేరు, ఫైటర్లున్న ఫ్రీక్వెన్సీ వేరు. పైలట్లు దగ్గరికెళ్లి కళ్లతో చూసి కూడా రష్యన్ తయారీ హైండ్ యుద్ధ హెలికాప్టర్లనే అనుకున్నారు. కాబట్టి కోడ్‌లు, ఫ్రీక్వెన్సీలు మారిన రోజు ఆ మార్పు ఎవరెవరికి చేరాలన్న జాబితా కూడా నీ పనిలో భాగమే. "అది మా సబ్జెక్ట్ కాదు" అనకు.

పరీక్షలు ఆఖరికి వాయిదా వేయకు. నాటో వాళ్లు పోలండ్‌లోని బిడ్‌గోష్చ్‌లో ఏటా సీడబ్ల్యూఐఎక్స్ అని ఒక పరీక్షల మేళా జరుపుతారు. ఎవరి కంప్యూటర్ పెట్టె వాళ్లు తెచ్చుకుని పక్కవాడి పెట్టెకు తగిలించి చూసుకోవడమే అక్కడి పని. పొరపాట్లు బయటపడటానికే అక్కడికి పోతారు. నీకు అంత హంగు అక్కర్లేదు. ఒక గది, రెండు పెట్టెలు, ఇరువైపులా రోజూ స్క్రీన్ ముందు కూర్చునే ఆపరేటర్లు ఒక్కొక్కరు చాలు. నెలకోసారి కూర్చోబెట్టు. ఇంజినీర్లను మాత్రం నోరు మూసుకుని వెనక నిలబడమను. ఆపరేటర్ ఎక్కడ కనుబొమ్మలు ముడిచాడో రాసుకో.

వచ్చే వారం మీటింగ్ అన్నావు కదా. స్లైడ్లు తర్వాత చేసుకోవచ్చు. ముందు ఆ గుర్తింపు గళ్ల పట్టిక ఒక కాగితం మీద గీసి నాకు పంపు. ఖాళీగా వచ్చిన ఫీల్డును ఎవరు ఎలా అర్థం చేసుకుంటారో దానికి వేరే నిలువు వరస పెట్టు.

ఉంటాను,
బాబాయ్