సీడ్ స్టిచ్‌లో నిలువు చారలు వస్తుంటే

మఫ్లర్‌కి 30 కుట్లు ఎక్కించి, ప్రతి వరసా ఒక నిట్ (నున్నగా వచ్చే కుట్టు), ఒక పర్ల్ (బుడిపెగా వచ్చే కుట్టు) అంటూ సీడ్ స్టిచ్ అల్లుతున్నానన్నారు కదండీ, చారలు రావడానికి కారణం అదే. సీడ్ స్టిచ్‌ అంటే నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్ పడాలి. సరిసంఖ్యలో కుట్లుంటే వరస పర్ల్‌తో ముగుస్తుంది. తిప్పితే ఆ పర్ల్ ఇటువైపు నిట్‌లా ఉంటుంది, మళ్ళీ నిట్‌తో మొదలుపెడితే నిట్ మీద నిట్టే పడి రిబ్, అంటే నిలువు చారల అల్లిక, తయారవుతుంది. స్వెట్టర్ అంచులకి వేసేది అదే.

ఇంకో కుట్టు ఎక్కించి 31 చేసుకోండి. అప్పుడు ప్రతి వరసా నిట్‌తో మొదలై నిట్‌తోనే ముగుస్తుంది, ఏ వరసలో ఉన్నామన్న టెన్షన్ ఉండదు. మధ్యలో ఫోన్ వచ్చి లెక్క తప్పితే ఎడమ సూది మీద కుట్టుని చూడండి. దాని మెడ కింద అడ్డంగా బుడిపె ఉంటే నిట్ వేయాలి, నున్నగా వి ఆకారంలో ఉంటే పర్ల్. నన్నడిగితే లెక్క కంటే ఇదే నమ్మకం. నల్ల ఊలు మీద మాత్రం ఇది కనిపించి చావదు, నేర్చుకునేటప్పుడు లేత రంగు తీసుకోండి.

ఇక కుట్లు వాటంతటవే పెరిగిపోతున్నాయన్నారు కదా, దాని గురించి. పర్ల్‌కి ముందు ఊలు ముందుకి, నిట్‌కి ముందు వెనక్కి తేవాలి, అదీ రెండు సూదుల మధ్య నుంచే. సూది పైనుంచి తిప్పితే అదనపు లూప్ పడుతుంది. తర్వాతి వరసలో అది కనిపిస్తే అల్లకుండా జారవిడిచేయండి, చాలు.

అల్లిందంతా విప్పక్కర్లేదండీ. ఆ రిబ్‌ని అంచుగా ఉంచేసి, పైనుంచి సీడ్ స్టిచ్ మొదలుపెట్టండి.